ట్యాంకు ఎత్తిన వర్షాకాలం

9 జూలై 1999

మళ్లీ ట్యాంకుకి చిల్లు పడింది.

ఫణిని భీమవరంలో పిల్లల డాక్టరు గారికి చూపించాలని పొద్దున్నే బయల్దేరాం. చెరువు గట్టు దారిలో సగం దూరం పోయేసరికి జీపు కింద గరగరమని చప్పుడైంది. నాకు ఆ చప్పుడు నిద్రలో కూడా తెలుస్తుంది. చేపల మేతకి తవుడు తెచ్చే ట్రాక్టర్లు తిరిగి తిరిగి దారికి రెండువైపులా చక్రాల గాడులు లోతుగా దిగిపోయాయి, నడిమి మట్టి దిబ్బలా లేచింది. జీపు వెనకభాగంలో అడుగున వేలాడే డీజిలు ట్యాంకు ఆ దిబ్బ మీద పొట్ట ఈడ్చుకుంటూ పోతుంది. మట్టి ఒక్కటే అయితే ఫరవాలేదు. గుంటలు పూడ్చడానికి వేసిన ఇటుకముక్కలూ పెంకులూ అందులోనే ఉన్నాయి.

ఆయన కింద దూరి, బట్టల సబ్బు ముక్క రుద్ది చిల్లు మూశారు. సబ్బు ఎప్పుడూ జీపులోనే ఉంటుంది. ఆయన బురదలో పడుకుని ఉన్నంతసేపూ ఫణి నా ఒళ్లో పిల్లికూతలతో ఊపిరి తీస్తూనే ఉంది. ఏడేళ్ల పిల్ల, భుజాలు ముసలివాళ్లలా ఎగరేసి ఊపిరి తీస్తుంటే నేను ట్యాంకు వైపు కాక ఆ భుజాల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో మిషను పెట్టి మందుగాలి పట్టించారు. కాసేపటికి తేరుకుంది. సబ్బు ఊడిందేమో చూసొస్తానని ఆయన బయటికి వెళ్లినప్పుడు డాక్టరు గారు నన్ను అడిగారు.

"ఎక్కడుంటారమ్మా మీరు?"

"చేపల చెరువుల గట్టు మీదేనండి. చెరువులు లీజుకి చేస్తున్నాం. అక్కడే షెడ్డు వేసుకుని ఉంటున్నాం."

"మేత తవుడేనా?"

"తవుడూ, తెలగపిండీ అండి. బస్తాలు పక్క గదిలోనే ఉంటాయి."

డాక్టరు గారు రాయడం ఆపి, కళ్లజోడు తీసి నావైపు చూశారు. "మందులు రాస్తాను. కానీ ఆ తేమలో, ఆ దుమ్ములో మందు ఎంతని పనిచేస్తుందమ్మా? కాస్త పెద్దదయ్యేదాకా పిల్లని అక్కణ్ణించి తెచ్చేయండి. ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. ఏదో ఒకసారి మీరు ఇక్కడిదాకా రాలేకపోవచ్చు."

రేపు ఆయనతో చెబుతాను.

10 జూలై

చెప్పలేదు. పగలంతా పడుకున్నారు.

14 జూలై

ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. వస్తే మాట తేలిగ్గా బయటపడేది.

రెండేళ్ల కిందట మా ఆడపడుచు పిలిచిందని పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి పెద్ద చెరువంతా తెల్లగా ఉంది. దూరం నుంచి నేను నురగ అనుకున్నాను. దగ్గరికొస్తే చేపలు, అన్నీ పొట్టలు పైకి పెట్టి తేలి ఉన్నాయి. ఎవరో నీళ్లలో పురుగుమందు కలిపారు. ఎవరన్నది ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఆయన ఆ ఒక్కడినే అనుమానించేవారు. తెలియలేదు కాబట్టి గట్టు మీద నడిచే ప్రతివాడినీ అనుమానిస్తారు. ఆ రోజు మొదలు ఆయన ఒక్క రాత్రి కూడా ఈ గట్టు దాటి పడుకోలేదు. కాపలాకి బుల్లియ్య ఉన్నాడు. అయినా రాత్రంతా టార్చిలైటుతో ఆయనే తిరుగుతారు, పగలు పడుకుంటారు.

టౌనులో చిన్న ఇల్లు తీసుకుందామని కిందటేడు ఒకసారి అన్నాను. "మనిషి కనబడకపోతే చెరువు పరాయివాడిదైపోతుంది దుర్గా" అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

అలా అన్నవాళ్లతో మళ్లీ ఎలా మొదలుపెట్టడం?

18 జూలై

ఈరోజు వాన తెరిపి ఇచ్చింది. గోనెసంచి పరుచుకుని జీపు కింద దూరాను. మండపేటలో మా నాన్న షెడ్డులో లారీల కిందా ట్రాక్టర్ల కిందా దూరి పెరిగినదాన్ని. నాన్న పోయాక ఇన్నేళ్లకి మళ్లీ ఆ వాసన. గ్రీజూ, తడిమట్టీ.

ట్యాంకు రెండు ఇనప పట్టీల మీద వేలాడుతోంది. పైన జీపు నేలరేకుకీ ట్యాంకుకీ మధ్య మందపాటి చెక్క దిమ్మలు పెట్టారు, ఎవరు పెట్టారో. పాత జీపు, ఎన్ని చేతులు మారి వచ్చిందో. ఆ దిమ్మలు తీసేసి పట్టీలు పొట్టివి చేస్తే ట్యాంకు పైకి పోతుంది.

ఆయనతో చెప్పాను. నిద్రకళ్లతోనే లేచొచ్చి నా పక్కన బురదలో కూర్చుని చూశారు. చాలా రోజులకి ఆయన మొహంలో వేరే వెలుగు కనిపించింది.

ఇది తవుడు బస్తాలు తెచ్చుకోవడానికే. డీజిలు దారిపొడుగునా కారిపోకుండా ఉండటానికే. అంతకంటే ఏమీ లేదు.

25 జూలై

చేశాం.

పొద్దుటి నుంచి పని. డీజిలంతా డ్రమ్ములోకి తోడాం. జాకీ బురదలో దిగబడకుండా కింద బల్ల వేశాం. పట్టీల నట్లు తుప్పుపట్టి కదల్లేదు. వాటిమీద కిరసనాయిలు పోసి, అది ఇంకేదాకా ముగ్గురం జీపు నీడలో కూర్చున్నాం, నేనూ, ఆయనా, బుల్లియ్యా.

"ఈ దిమ్మలు ఎందుకు పెట్టారంటావ్?" అన్నారు ఆయన.

"ట్యాంకు అదరకుండానండి. దానికి రబ్బరు ముక్క చాలు. ఇవి తీసేస్తే బెత్తెడు క్లియరెన్స్ వస్తుంది."

"ఇవన్నీ నీకెవరు నేర్పారు?"

"అడిగితే పెళ్లిచూపుల్లోనే చెప్పేదాన్ని. మీవాళ్లు పాట వచ్చా అని అడిగారు."

ఆయన నవ్వారు. బుల్లియ్య కూడా మొహం తిప్పుకుని నవ్వాడు. "ఆయ్, పాటకంటే ఇదే నయమండి అమ్మగారూ" అన్నాడు.

వాళ్లిద్దరూ ట్యాంకుని భుజాలతో ఎత్తి పట్టుకుంటే నేను పడుకుని నట్లు బిగించాను. ఆయన మొహం నా మొహానికి ఇంత దగ్గరగా, నుదుటి మీద గ్రీజు మరక. "బిగిసిందా? బిగిసిందా?" అని పిల్లాడిలా అడుగుతున్నారు. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి మొదలుపెట్టి పూర్తిచేసిన పని ఇదొక్కటేనేమో. అన్నం కూడా గట్టు మీదే తిన్నాం. ఫణి దూరంగా నులకమంచం మీద కూర్చుని మాకు మంచినీళ్లు అందించింది.

ఇవాళ చెప్పబుద్ధి కాలేదు. రేపు.

27 జూలై

ట్యాంకు దిబ్బకి తగల్లేదు. చప్పుడు లేదు. తారురోడ్డు దాకా పోయి వచ్చాం.

కానీ జీపంతా డీజిలు వాసన. ఫణి తిరుగుదారిలో దగ్గు మొదలుపెట్టి ఇంటికొచ్చినా ఆపలేదు. జాకీ ఎక్కించి చూస్తే తెలిసింది. ట్యాంకు పైకి పోయాక నేలరేకు కింద, ట్యాంకులోకి గాలి ఆడే గాలిగొట్టం నలిగిపోయింది. డీజిలు పోసే రబ్బరు పైపు కూడా మెలికపడి, మూతి దగ్గర చెమరుస్తోంది.

నాన్నయితే ముందే చూసుకునేవాడు.

29 జూలై

సీటు కవర్లు రెండుసార్లు కడిగాను. వాసన పోలేదు. ఫణిని జీపు దగ్గరికి రానివ్వడం లేదు.

3 ఆగస్టు

వాన. కిందటి నెలలో చిల్లు ట్యాంకుతోనైనా పిల్లని తీసుకెళ్లగలిగేవాళ్లం. ఇప్పుడు ట్యాంకు పైన ఉంది, పిల్లని ఎక్కించలేం. షెడ్డుకి మూడు వైపులా చెరువులు, నాలుగో వైపు ఆ దారి. తలుపు తీస్తే నీళ్లు కనిపిస్తాయి, మూస్తే తవుడు వాసన వస్తుంది. బస్తాల మీద పట్టా కప్పాను. గోడకి ఆనుకున్న వాటికి కింద బూజు పట్టింది. తుడిచాను. తుడిచిన గుడ్డ బయట పారేశాను.

ఫణి గోడకి దిండు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు కాబోలు. నాకు చెప్పలేదు, దానికదే ఆ ఉపాయం కనిపెట్టుకుంది.

5 ఆగస్టు

"పోనీ ట్యాంకు మళ్లీ కిందికి దించేద్దాం" అన్నారు.

వద్దన్నాను. గొంతు పెద్దదైంది. ఆయన ఆశ్చర్యంగా చూశారు. ఒక ట్యాంకుకి ఇంత పట్టుదల ఏంటని అనుకుని ఉంటారు.

11 ఆగస్టు

ఫణిని బుల్లియ్య భార్య దగ్గర వదిలి, జీపు భీమవరం తీసుకెళ్లాం. బస్టాండు అవతల రాజరత్నం గారి షెడ్డు. ట్యాంకులు చేయడంలో పేరున్న మనిషి. కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఎవరు చేశారండీ ఈ పని?"

"మా ఆవిడే" అన్నారు ఆయన, గర్వంగా.

"పట్టీలు బాగా కుదిరాయమ్మా. గాలిగొట్టం మర్చిపోయారు. మర్చిపోకపోయినా దానికి అక్కడ చోటు లేదనుకోండి. ట్యాంకు లోతే ఎక్కువ. పైకి తోస్తే పైన నలుగుతుంది, కిందికి వదిలితే కింద తగులుతుంది. లోతు తగ్గించి, వెడల్పుగా కొత్తది చేద్దాం. డీజిలు అంతే పడుతుంది."

"పాతదాన్నే కోసి అతకలేరా?" అని ఆయన అడిగారు.

"ఎంత కడిగినా లోపల డీజిలు ఆవిరి మిగులుతుందండి, నిప్పు తగిలితే పేలుతుంది. దానికి వెల్డింగు పెట్టమంటే నేను ఆ పూటకి సెలవు పెడతాను."

రేకు మీద సుద్దముక్కతో గీసి చూపించారు. గాలిగొట్టాన్ని పక్కనుంచి పైకి తిప్పుదామని నేనన్నాను. సరేనన్నారు. ఆయన స్టూలు మీద కూర్చుని మా ఇద్దరి మాటలూ వింటూ ఉన్నట్టుండి అన్నారు: "ఈ దారి బెంగ ఒక్కటి తీరితే ఇక మాకే బెంగా లేదండి."

నేను సుద్దగీతల్ని చూస్తూ ఉండిపోయాను.

18 ఆగస్టు

కొత్త ట్యాంకు బిగించారు. పలకలా వెడల్పుగా ఉంది, చాసిస్ కంటే కిందికి రాలేదు. వాసన లేదు. మూత దగ్గర ముక్కు పెట్టి మరీ చూశాను.

గట్టు దారి మొదట్లో ఆయన బండి ఆపి దిగారు. "నువ్వు తోలు" అన్నారు.

ఇన్నేళ్లలో ఈ దారి మీద ఆయన నాకు స్టీరింగు ఇవ్వడం ఇదే మొదలు. చక్రాలు గాడుల్లో దిగాయి. దిబ్బ దగ్గర ఊపిరి బిగబట్టాను. ఏమీ తగల్లేదు. చెరువుల మీద కొంగలు లేచాయి. ఆయన పక్కన కూర్చుని తొడ మీద చేత్తో తాళం వేస్తున్నారు. ఆ మనిషి అంత హాయిగా ఉండటం చూసి నాకూ హాయిగా అనిపించింది. ఇప్పుడే చెప్పాలి, బండి ఆపి ఇక్కడే చెప్పాలి అనుకున్నాను.

అప్పుడు ఆయనే అన్నారు. "ఇంకేం దుర్గా. ఇక టౌనులో ఇల్లు అనే మాటే అక్కర్లేదు మనకి."

బండి ఆపలేదు.

19 ఆగస్టు

మాటవరసకి అని ఉంటారు.

24 ఆగస్టు

మాటవరసకే.

6 సెప్టెంబరు. ఆసుపత్రి

ఫణి నిద్రపోతోంది. మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం నుంచి కుండపోత. చివరి చెరువు గట్టు కోసుకుపోతోందని ఆయనా బుల్లియ్యా ఇసక బస్తాలు పట్టుకుని పరిగెత్తారు. ఫణికి అప్పటికే కూతలు మొదలయ్యాయి. డాక్టరు గారు రాసిచ్చిన మందుగాలి పంపు నోట్లో కొట్టాను. కాసేపాగి మళ్లీ కొట్టాను. మాట్లాడమంటే ఒక్కొక్క మాటకి ఆగుతోంది. కాసేపటికి అదీ మానేసి తల మాత్రం ఊపింది. పెదవుల చుట్టూ రంగు మారుతుంటే గడప దాటి చెరువుల వైపు కేకలు వేశాను. ఆ వానలో నా కేక నాకే వినబడలేదు.

పిల్లని ముందు సీట్లో కూర్చోబెట్టి చీరతో సీటుకి కట్టాను. బండి తీశాను.

దారి ఏదో, నీళ్లేవో తెలియడం లేదు. అయినా గాడుల్లో చక్రం దిగినప్పుడు చేతికి తెలిసింది. దిబ్బ వచ్చింది, పోయింది. ఎప్పుడూ గరగరమనే చోట ఏ చప్పుడూ లేదు. ఫణి ఊపిరి ఒక్కటే వినబడుతోంది. కాసేపటికి అది కూడా సన్నగిల్లింది. అప్పుడు నేను ఏం మొక్కుకున్నానో రాయను.

ఆసుపత్రి గుమ్మంలోనే నర్సులు పిల్లని నా చేతుల్లోంచి లాక్కున్నారు. ఆక్సిజను, ఇంజక్షను, మళ్లీ మిషను. పొద్దుపోయాక ఫణి కళ్లు తెరిచి, "అమ్మా, బండి బురదలో ఉందా?" అంది.

8 సెప్టెంబరు. ఆసుపత్రి

మొన్న నేను రాయడం ఆపిన కాసేపటికే ఆయన వచ్చారు. తారురోడ్డు దాకా బురదలో నడిచి, బస్సెక్కి వచ్చారట. మోకాళ్ల దాకా ఎండిన మట్టి. పిల్ల తల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వరండాలో నా పక్కన కూర్చున్నారు.

"చూశావా, బండి ఎక్కడా ఆగలేదు" అన్నారు. "మనం చేసిన పనే పిల్లని కాపాడింది."

కళ్లలో నీళ్లున్నాయి. నిజంగానే అలా అనుకుంటున్నారు. అది అబద్ధమూ కాదు.

"బండి ఆగలేదండి. ఊపిరే ఆగబోయింది."

ఆయన నావైపు తిరిగారు.

"డాక్టరు గారు జూలైలోనే చెప్పారు నాతో. పిల్లని అక్కడ ఉంచొద్దన్నారు. రోజూ మీకు చెబుదామనుకుని చెప్పలేకపోయాను."

ఆయన కాలి మీది మట్టిపెచ్చు గోటితో గీకుతూ కూర్చున్నారు. తలెత్తకుండానే అన్నారు. "నాతోనూ చెప్పారు. ఆ రోజే. నువ్వు మందుల షాపుకి వెళ్లినప్పుడు."

నాకు ముందు అర్థం కాలేదు. "మరి మీరు..."

"నువ్వు ట్యాంకు సంగతి ఎత్తావు కదా దుర్గా. దారి బాగుపడితే ఎప్పుడంటే అప్పుడు డాక్టరు దగ్గరికి రావచ్చు, అందరం గట్టు మీదే ఉండొచ్చు అనుకున్నాను. నువ్వూ అందుకే చేస్తున్నావనుకున్నాను."

"నేను పిల్లని తీసుకుని బయటపడటానికి చేశానండి."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకూ తెలిసింది. ఈ డైరీలో కూడా తవుడు బస్తాల కోసమనే రాసుకున్నాను. ఇద్దరం ఒకే జీపు కింద, ఒకే ట్యాంకుని చెరోవైపు పట్టుకుని పైకెత్తాం. ఆయన నేను ఉండిపోతానని ఎత్తారు. నేను పోవడానికి ఎత్తాను.

9 సెప్టెంబరు

డిశ్చార్జి చేశారు. గట్టుకే వచ్చాం. వేరే ఎక్కడికి పోతాం.

11 సెప్టెంబరు

తవుడు బస్తాలన్నీ బుల్లియ్య గుడిసె పక్కకి మార్పించారు. ఒక్కరే గది కడిగారు. తడి గది ఇప్పుడు ఇంకా తడిగా ఉంది. నాకేసి చూశారు. బాగుందని తల ఊపాను.

సాయంత్రం ఫణి మళ్లీ దిండు గోడకి పెట్టుకుంది.

12 సెప్టెంబరు

పొద్దున్నే ఆయన పహరా నుంచి వచ్చి పడుకోలేదు. పొయ్యి దగ్గర నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"వెళ్లిపోతావా?"

"పిల్లని తీసుకెళ్తానండి. వెళ్లిపోవడం వేరు."

"చెరువులు వదిలి నేను రాలేను."

"రమ్మనడం లేదండి. ఆదివారాలు వచ్చి వెళ్లండి."

"ఆదివారం ఇక్కడెవరుంటారు?"

"బుల్లియ్య ఉంటాడు."

"ఆ రోజూ బుల్లియ్య ఉన్నాడు దుర్గా" అన్నారు. పెద్దాపురం వెళ్లొచ్చేసరికి చేపలు చచ్చి తేలిన రోజు సంగతి. పాలు పొంగుతుంటే ఆయనే దించారు, గుడ్డ కూడా పట్టుకోకుండా. వేలు కాలి ఉంటుంది. చూపించలేదు.

నన్ను పొమ్మనలేదు, వద్దనలేదు. ఈయన అరిచి, తాళం దాచేసి, తలుపు మూసేసే మనిషి అయితే ఎప్పుడో వెళ్లిపోయేదాన్ని. మెత్తని బురదలోనే చక్రం ఎక్కువ దిగబడుతుంది.

14 సెప్టెంబరు

బట్టలు సర్దాను. ఆయన పడుకున్నారు, గోడ వైపు తిరిగి. నిద్ర కాదు, నాకు తెలుసు.

16 సెప్టెంబరు

ఇది రాస్తున్నది భీమవరంలో.

నేను ఒక్కదాన్నే పోయి గది చూసొస్తానన్నాను. జీపు తాళం అడిగితే ఆయన చొక్కా వేసుకుని వచ్చి స్టీరింగు దగ్గర కూర్చున్నారు. ఫణి మధ్యలో. వెనక పరుపూ, నేను సర్దిన బట్టలూ అప్పటికే ఆయన ఎక్కించి ఉన్నారు. ఎండ కాసింది.

మొదట చూసిన గది నాకు నచ్చింది. వీధిలోకే ఉంది, పక్కన కొళాయి, బడి దగ్గర. ఇంటావిడ మర్యాదగా మాట్లాడింది. సరేనని చెప్పబోతున్నాను. అప్పటిదాకా గడప బయట నిలబడ్డ మనిషి చెప్పులు విడిచి లోపలికొచ్చారు. గోడ దగ్గర గొంతుక్కూర్చుని, నేలకి జానెడు ఎత్తున అరచేయి ఆనించారు. అలాగే పక్కకి జరిపి మంచం వేసే మూల దాకా వెళ్లారు. చెయ్యి తీసి వాసన చూశారు.

"ఇది వద్దు దుర్గా. గోడలో తడి ఉంది."

"వానాకాలం కదండీ, అందరి గోడలూ అంతేనండి" అంది ఇంటావిడ.

"అందరి పిల్లలకీ మా పిల్లలా ఉండదు కదండి" అన్నారు.

తర్వాత ఇంకొకటి చూశాం. దాని వెనక రైసుమిల్లు తవుడు గోడౌను ఉందని గుమ్మంలోంచే తిరిగారు. మధ్యాహ్నం భోజనం చేయలేదు, అలా వీధులు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు, ఫణిని భుజం మీద ఎక్కించుకుని. చివరికి ఈ మేడమీద గది దొరికింది. చిన్నది. వేసవిలో కాలిపోతుంది. ఆయన నాలుగు గోడలూ తడిమారు, కిటికీలు రెండూ తీసి గాలి వచ్చేదాకా నిలబడ్డారు, మంచం ఎటు వేయాలో చూపించారు. పరుపు ఆయనే మోసుకొచ్చారు. తెచ్చేముందు కింద వీధిలో దాన్ని దులిపి దులిపి, తవుడు దుమ్ము ఏమైనా ఉందేమోనని.

"నేను బయల్దేరతా. వెలుగుండగా చేరాలి" అన్నారు.

"టీ పెడతానండి."

"వద్దులే. బుల్లియ్య ఒక్కడే ఉన్నాడు."

మెట్ల దగ్గర ఒక క్షణం ఆగారు. ఆదివారం వస్తారో రారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కింద జీపు స్టార్టయింది.

ఫణి కిటికీ చువ్వలు పట్టుకుని "నాన్నా, జాగ్రత్తగా వెళ్లు, బుల్లియ్య మామని అడిగానని చెప్పు" అని అరిచింది. మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఒకే గుక్కలో, వీధి చివరిదాకా వినబడేట్టు.

జీపు ఆగింది. ఆయన దిగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. స్టీరింగు మీద తల ఆనించి కొంతసేపు అలాగే ఉన్నారు. వెనక ఆటోవాడు హారను కొడితే తలెత్తి, బండి గేరులో వేసి, గట్టు వైపు మలుపు తిరిగారు.